మయోర్కాలో సైకిల్ అద్దెకు తీసుకునే ముందు గేర్ల పళ్ళు లెక్కపెట్టుకోండి

క్యాన్సర్ రోగుల సహాయనిధి కోసం లండన్ నుంచి పారిస్ దాకా, నాలుగు రోజుల్లో దాదాపు 480 కిలోమీటర్లు తొక్కే రైడ్‌కి నేనూ మా తమ్ముడూ మరదలూ పేర్లిచ్చాం. సాధన కోసం మార్చిలో స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవికి వెళ్ళాం. దీవి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కోపమంతా అల్కూదియాలో మాకు సైకిళ్ళు అద్దెకిచ్చిన షాపు మీదే.

ముందు 50–34 (పెడల్ దగ్గరి రెండు చక్రాల పళ్ళు), వెనక 11–32 (అన్నిటికంటే చిన్న, పెద్ద చక్రాల పళ్ళు) ఉన్న గేర్లు కావాలని బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా అడిగాం. ముందు పళ్ళు తక్కువగా, వెనక ఎక్కువగా ఉంటే ఎత్తు ఎక్కడం తేలిక. సరేనన్నారు. మనిషికి వారానికి 189 యూరోలు, పైగా కార్డు మీద 200 డిపాజిట్. తీరా వెళితే నా చేతికొచ్చింది 52–36, 11–28 ఉన్న రేసు సైకిల్. "సీజన్ కదా, ఇవే ఉన్నాయి" అన్నాడు కౌంటర్లో మనిషి, తలెత్తకుండానే.

ఇది చిన్న తేడా కాదు. 34–32 మీద పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.06 చుట్లు తిరుగుతుంది, 36–28 మీద 1.29. సముద్రపు ఒడ్డునున్న సా కలోబ్రా నుంచి పైకెక్కే ఘాట్ దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, సగటున 7 శాతం ఎత్తు, అంటే వంద మీటర్లకు ఏడు మీటర్లు. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే 36–28 మీద పెడల్ నిమిషానికి 50 చుట్లు కూడా తిరగదు, భారమంతా మోకాళ్ళ మీదే. అక్కడికి వెళ్ళే రోడ్డు ఒక్కటే. ముందు సముద్రం దాకా దిగాలి, అదే దారిన మళ్ళీ ఎక్కాలి. 1930ల్లో పరియెత్తి అనే ఇంజనీరు వేసిన రోడ్డది. ఒకచోట అది తనచుట్టూ తానే తిరిగి తన కిందనుంచే దూరిపోతుంది. ఆ వంపు చూడ్డానికే వెళ్ళొచ్చు, కానీ టూరిస్టు బస్సులు రాకముందే, పొద్దున్నే వెళ్ళండి. సగం ఎక్కాక తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు. మరదలికి మాత్రం అడిగిన గేర్లే దొరికాయి. "బావగారూ, పైన ఆగుతాను" అని ముందుకు వెళ్ళిపోయింది.

యుక్ మఠం దగ్గర తిన్నాక గానీ వాడి మొహం విచ్చుకోలేదు. రొట్టెకి టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసి, పైన జున్ను పెట్టిచ్చే పా అంబ్ ఓలి 7 యూరోలు. కొండెక్కి వచ్చినవాళ్ళకి అంతకంటే మంచి తిండి నాకు తెలియదు.

అయినా లండన్–పారిస్ రైడ్‌కి కొండల కంటే మైదానమే పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం. అక్కడ కావలసింది నిన్న తొక్కిన కాళ్ళతో ఇవాళ మళ్ళీ తొక్కడం. సినేవు, పెట్రా ఊళ్ళ మధ్య పొలాల దారులు అందుకు సరిగ్గా సరిపోతాయి. సినేవులో బుధవారం సంత ఉంటుంది, ఆ రోజు ఊళ్ళో దూరకండి. కారువాళ్ళు ఓపికగా వెనకే వచ్చారు. సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలన్నది స్పెయిన్ చట్టం, చాలామంది పాటించారు కూడా.

సైకిల్ తిరిగి ఇచ్చేటప్పుడు రెండో దెబ్బ. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు) మీద గీత పడిందని 60 యూరోలు పట్టుకుంటామన్నారు. తీసుకున్న రోజే మరదలు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచింది. గీత అందులోనే ఉంది. ఫోటో చూపించాక ఆ 60 వదిలేశారు గానీ, గేర్ల విషయంలో పైసా తగ్గించలేదు.

మీరు వెళితే సొంత పెడళ్ళూ సీటూ పట్టుకెళ్ళండి. కౌంటర్ దగ్గరే పళ్ళు లెక్కపెట్టండి, అడిగినవి కాకపోతే డిపాజిట్ కట్టకుండా పక్క షాపుకి నడవండి. అల్కూదియాలో షాపులకు కొదవ లేదు. ఇంకో మాట, ఈ ఖర్చంతా మా జేబుల్లోంచే పెట్టుకున్నాం. దాతలిచ్చిన డబ్బులోంచి సాధనకంటూ ఒక్క యూరో కూడా తీయకూడదు, ఎవరైనా సరే.