కర్టెన్లు "సెట్" లెక్కన కొనకండి: మా ఇంట్లో జరిగింది చదివి అడ్వాన్స్ ఇవ్వండి

కొత్త ఫ్లాట్‌లోకి మారేవాళ్లు, ముఖ్యంగా పడమర కిటికీలు ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మియాపూర్‌లో మేం ఇల్లు తీసుకున్నాక హాలుకీ రెండు బెడ్‌రూములకీ కర్టెన్లు కుట్టించాం. మొత్తం 38,500 రూపాయలు. అందులో 25,000 అడ్వాన్స్ ముందే తీసుకున్నారు. షాపు పేరు రాయడం లేదు. ఈ పద్ధతి ఒక్క షాపుదే అయ్యుండదు, అందుకే పద్ధతి గురించే చెబుతున్నాను.

కొలతలకి మనిషిని ఉచితంగా పంపారు. అతను టేపు పెట్టి కిటికీలన్నీ కొలిచి, చీటీ మీద "హాలు కర్టెన్ 1 సెట్" అని రాసి రేటు వేశాడు. ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుంది, పన్నా (గుడ్డ వెడల్పు) ఎంత, ఆ వెడల్పు ముక్కలు, అంటే పన్నాలు, ఎన్ని కలిపి కుడతారు అన్నది ఎక్కడా లేదు. నేనూ అడగలేదు. రంగు, డిజైను చూసుకునే సంబరంలో అసలు లెక్క వదిలేశాను.

బిగించి వెళ్లిన సాయంత్రం హాలు చూస్తే మనసు ఉసూరుమంది. బాల్కనీ తలుపు వెడల్పు 8 అడుగులు. కర్టెన్ మూసేసరికి మడత అన్నదే లేకుండా బల్లపరుపుగా సాగిపోయింది. మా కింది ఫ్లోర్‌లో టైలరింగ్ చేసే ఆంటీ వచ్చి చూసి, "కుచ్చు ఎక్కడుందమ్మా ఇందులో? దుప్పటి ఆరేసినట్టుంది" అన్నారు. ఆవిడే టేపు తెచ్చి వెనక అతుకులు లెక్కపెట్టారు. 48 అంగుళాల పన్నా గుడ్డ, ఒక్కో రెక్కకి ఒకటిన్నర చొప్పున మొత్తం 3 పన్నాలే వాడారు. అంచులు మడిచాక మిగిలింది సుమారు 138 అంగుళాలు. 96 అంగుళాల రాడ్డుకి ఇది ఒకటిన్నర రెట్లు కూడా కాదు. కర్టెన్ నిండుగా పడాలంటే రాడ్డు పొడవుకి రెండు రెట్ల గుడ్డ ఉండాలి, అంటే 4 పన్నాలు. ఒక పన్నా మిగుల్చుకుని, డబ్బు మాత్రం "సెట్"కి పూర్తిగా తీసుకున్నారు.

రాడ్డు విషయంలోనూ ఇంతే. కిటికీ ఫ్రేముని ఆనుకుని, సరిగ్గా ఫ్రేమంత పొడవే బిగించారు. దాంతో కర్టెన్ తీసినా రెండు పక్కలా అద్దం మీదే ఉండిపోతుంది. పట్టపగలు కూడా హాల్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది. రాడ్డు ఫ్రేము కన్నా అరడుగు పైన, రెండు వైపులా అరడుగు బయటికి ఉండాలి. అప్పుడు తీసిన కర్టెన్ గోడ మీదికి వెళ్తుంది, అద్దం మొత్తం ఖాళీ అవుతుంది, గది ఎత్తుగా, విశాలంగా కనిపిస్తుంది. డ్రిల్లు పెట్టకముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టించి, మీరే దూరంగా నిలబడి చూసుకోండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మామయ్యగారి గది. అది పడమర గది, ఆయన మధ్యాహ్నం పడుకుంటారు. అందుకే వెలుతురు రానివ్వని బ్లాక్‌అవుట్ గుడ్డ కావాలని గట్టిగా చెప్పాం, రేటూ ఎక్కువే ఇచ్చాం. మూడున్నర అయ్యేసరికి కర్టెన్ పక్క సందులోంచి ఎండ గీతలా వచ్చి సరిగ్గా ఆయన కళ్ల మీద పడేది. పాపం, తలగడ మంచం రెండో వైపుకి మార్చుకుని పడుకునేవారు. గుడ్డలోంచి కూడా వెలుతురు వస్తూనే ఉంది. సెల్‌ఫోన్ టార్చి వెనక ఆనించి చూస్తే బల్బు గుండ్రంగా కనిపించింది. షాపులో చూపించిన ముక్క బరువుగా ఉంది, ఇంటికి వచ్చింది అది కాదు. "మెషిన్‌లో ఉతకొచ్చు" అన్నారు కదా అని రెండోసారి ఉతికితే, వెనక తెల్లటి పూత పొట్టులా ఊడి మెషిన్ ఫిల్టరు నిండా పేరుకుపోయింది. మీరు షాపులో ఉండగానే టార్చి పెట్టి చూడండి. నచ్చిన గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి తీసుకుని, బిల్లుకి పిన్ చేసి దాచుకోండి. వచ్చిన సరుకుని దాంతో పోల్చుకోవచ్చు. ఆ ముక్కని ఇంట్లో పగటి వెలుతురులో కూడా చూడండి, షాపు లైట్ల కింద రంగు వేరేగా ఉంటుంది.

రెండో బెడ్‌రూముది కాటన్. మొదటి ఉతుక్కే 84 అంగుళాలది 81కి వచ్చింది. కాటన్ అయితే తడిపి ఆరేశాకే కుట్టమనండి, లేదా కింద అంచులో నాలుగు అంగుళాలు మడత వదలమనండి.

బ్లైండ్స్ అనుకునేవాళ్లు చదరపు అడుగు రేటుతో పాటు, చిన్న కిటికీకి కనీసం ఎన్ని చదరపు అడుగులకి బిల్లు వేస్తారో కూడా అడగండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వేలాడే తాడు ఉన్నవి వద్దే వద్దు, మెడకి చుట్టుకుంటే ప్రాణాపాయం.

షాపుకి వెళ్లి అడిగితే "కుట్టినవి వాపసు తీసుకోం మేడమ్" అన్న ఒక్క మాటే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాకే ఫోన్ ఎత్తారు. హాలుకి ఇంకో పన్నా సగం రేటుకి ఇస్తామన్నారు. సరే అన్నాం. తీరా చూస్తే కొత్త గుడ్డ వేరే లాట్‌ది, పాతదాని పక్కన పెడితే స్పష్టంగా ఒక ఛాయ తక్కువ. అతికితే అతుకు గుమ్మంలోంచే తెలుస్తోంది. కుచ్చు తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చులే అని మాత్రం అనుకోకండి. ఎన్ని మీటర్లు, ఎంత పన్నా, ఎన్ని రెక్కలు, పూత ఊడితే ఎవరి బాధ్యత, ఇవన్నీ బిల్లు మీద రాయించాకే డబ్బు చేతిలో పెట్టండి.

చివరికి హాలుకి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మీటరు లెక్కన 11 మీటర్లు కొన్నాం, ఒక్కో పన్నాకి రెండుముప్పావు మీటర్ల చొప్పున. ఆంటీనే కుట్టారు. రాడ్డు పైకి జరిపించాం. మామయ్యగారి గదికి ఇంకా గుడ్డ దొరకలేదు, ప్రస్తుతానికి కర్టెన్ వెనక పాత దుప్పటి పిన్నులతో కట్టి ఉంది.