ఒక్కటే డిస్ట్రిక్టా, నాలుగా? న్యూజెర్సీ పద్ధతి మేలా, టెక్సస్ పద్ధతి మేలా?

ఇంటర్వ్యూ అయి 120 రోజులు దాటినా సిటిజన్‌షిప్ తేల్చకపోతే ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్లొచ్చన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలిసిపోయింది. ఏ కోర్టుకు అన్న దగ్గరే చిక్కు. "అన్నా, మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. డాలస్‌లో వేయాలా, షెర్మన్‌లోనా?" అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. ఆ వెంటనే రెండో ప్రశ్న: "న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నప్పుడు ఈ గోలే లేదు కదా, ఇక్కడెందుకింత గజిబిజి?"

తొమ్మిదేళ్లు ఎడిసన్‌లో ఉండి టెక్సస్‌లోని ప్లేనోకి మారినవాణ్ణి కాబట్టి రెండూ చూశాను. ఇక్కడ డిస్ట్రిక్టంటే మన జిల్లా కాదు, ఒక్కో ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు పరిధిలోకి వచ్చే ప్రాంతం. మొత్తం 94 ఫెడరల్ డిస్ట్రిక్టుల్లో రాష్ట్రాలవి 89. న్యూజెర్సీతో కలిపి 26 రాష్ట్రాలకు ఒక్కొక్కటే. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లకు నాలుగేసి. మిగతావాటికి రెండో మూడో. వాటి గురించి విడిగా చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, నాలుగున్న చోట వచ్చే మంచీ చెడూ అక్కడ కాస్త తక్కువ మోతాదులో వస్తాయి, అంతే.

డిస్ట్రిక్టు వేరు, డివిజన్ వేరు అన్నది మాత్రం మనసులో పెట్టుకోండి. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని అడుగుతున్నారు చూడండి, డివిజన్ అలాంటిది. కోర్టు అదే, కూర్చునే ఊరు మారుతుంది. డిస్ట్రిక్టునే విడగొట్టడమంటే 2019 జనవరి 1న ఉమ్మడి హైకోర్టు రెండైనట్టు. జడ్జీలు వేరు, ఆఫీసు వేరు, జ్యూరీకి పిలిచే జనం వేరు, ప్రభుత్వం తరఫున కేసులు నడిపే యూఎస్ అటార్నీ కూడా వేరు.

టెక్సస్ 1845లో చేరినప్పుడు ఒకే డిస్ట్రిక్టు. 1857లో ఈస్టర్న్, వెస్టర్న్ అని రెండు చేశారు. 1879లో నార్తర్న్, 1902లో సదరన్ వచ్చాయి. గీసేది అమెరికా కాంగ్రెస్, అదీ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు రాసి. రైళ్లూ గుర్రాలూ ఉన్న కాలంలో ఏ కౌంటీ ఎటు పోవాలో రాసుకున్న చట్టం మీద ఇవాళ మనం ఇళ్లు కట్టుకున్నాం. డాలస్ కౌంటీ నార్తర్న్‌లో పడింది. దాన్ని ఆనుకునే ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు ఈస్టర్న్‌లో, షెర్మన్ డివిజన్ కింద పడ్డాయి. అంటే డాలస్ కౌంటీలో ఉన్న అర్వింగ్ తమ్ముడిదొక కోర్టు, ఫ్రిస్కో అన్నదొక కోర్టు. గుడి ఒకటే, కిరాణా కొట్టు ఒకటే, కోర్టులు మాత్రం రెండు. షెర్మన్ దూరమని బెంగ వద్దు, ఆ డివిజన్ కోర్టు ప్లేనోలో కూడా కూర్చోవాలని చట్టంలోనే ఉంది.

ఈ గీత ఎంత గట్టిదో 2019 ఏప్రిల్‌లో మా ఊళ్లోనే తెలిసింది. ప్లేనోలో విల్లో బెండ్ మాల్‌లో ఒకటి, ఫ్రిస్కోలో స్టోన్‌బ్రయర్ మాల్‌లో ఒకటి, రెండు యాపిల్ స్టోర్లు ఉండేవి. బాగా నడుస్తున్న ఆ రెంటినీ ఒకేసారి మూసేసి డాలస్ గ్యాలరియాలో కొత్తది తెరిచారు. టోల్‌వే మీద దక్షిణానికి కాసేపు పోతే వచ్చే చోటే, కాకపోతే అది డాలస్ కౌంటీ. కారణం ఇదీ అని కంపెనీ చెప్పలేదు గానీ లాయర్లు చెప్పింది ఒకటే. 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, కంపెనీ రిజిస్టరైన రాష్ట్రంలో కాకుండా ఇంకెక్కడైనా పేటెంట్ దావా వేయాలంటే ఆ డిస్ట్రిక్టులో దానికి స్థిరమైన వ్యాపార స్థలం ఉండాలి. ఈస్టర్న్ డిస్ట్రిక్టులోని మార్షల్ అనే చిన్న ఊరేమో పేటెంట్ దావాలకు పుట్టిల్లు. స్టోర్ లేకపోతే అక్కడికి లాగే దారి లేదు. మాకు ఫోన్ స్క్రీన్ పగిలితే గ్యాలరియా దాకా పోవాల్సి రావడానికి వెనక ఇంత కథ ఉంది.

న్యూజెర్సీలో ఇలాంటిది కుదరదు. నెవార్క్, ట్రెంటన్, క్యామ్డెన్, మూడు చోట్ల కోర్టు భవనాలున్నా డిస్ట్రిక్టు ఒక్కటే. ఎడిసన్ వాడి కేసు నెవార్క్‌కు పోయినా ట్రెంటన్‌కు పోయినా రూల్స్ అవే, ఆఫీసు అదే. అక్కడా 1801లో రెండుగా చీల్చి చూశారు, మరుసటి ఏడాదే మళ్లీ కలిపేశారు.

టెక్సస్ పెద్దది, నాలుగు చేయక తప్పుతుందా అంటారు. ఎల్ పాసో నుంచి హ్యూస్టన్ 700 మైళ్ల పైమాటే, నిజమే. కానీ టెక్సస్‌కు రెండింతలున్న అలాస్కా మొత్తం ఒకే డిస్ట్రిక్టు. యాంకరేజ్‌లో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో, జునోలో కోర్టు కూర్చుంటుంది, సరిపోతోంది. దూరానికి మందు డివిజనే, డిస్ట్రిక్టును చీల్చక్కర్లేదు.

నా లెక్కలో అసలు చూడాల్సింది మ్యాప్ మీద గీతల్ని కాదు, కేసు చీటీని ఎంతమంది జడ్జీల మధ్య తీస్తారన్నది. నార్తర్న్ టెక్సస్‌లో వంద కౌంటీలు, ఏడు డివిజన్లు. అమరిల్లోలో సివిల్ కేసు వేస్తే దాదాపు ఖాయంగా ఒక్క జడ్జి దగ్గరికే వెళ్లే ఏర్పాటు నడిచింది. అందుకే 2022లో గర్భస్రావం మాత్ర మీద దేశమంతటికీ సంబంధించిన దావాను ఏరికోరి అక్కడ వేశారు. 2023 ఏప్రిల్‌లో ఆ జడ్జి మాత్ర అనుమతినే ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 2024లో సుప్రీంకోర్టు, అసలు ఆ దావా వేసే అర్హతే వాళ్లకు లేదని తేల్చింది. ఈ జడ్జిని ఎంచుకునే ఆట ఆగాలని 2024 మార్చిలో జుడీషియల్ కాన్ఫరెన్స్ (ఫెడరల్ కోర్టులకు విధానాలు రూపొందించే జడ్జీల సంస్థ), ఇలాంటి కేసులను డిస్ట్రిక్టు మొత్తంలో చీటీ వేసి పంచమని చెప్పింది. నార్తర్న్ డిస్ట్రిక్టు మార్చబోమంది. అది సలహాయే గానీ హుకుం కాదు మరి.

వెస్టర్న్ డిస్ట్రిక్టు దీనికి తిరగేసిన ఉదాహరణ. వేకోలో ఉన్న ఒకే ఒక జడ్జి దగ్గరికి ఒక దశలో దేశంలోని పేటెంట్ కేసుల్లో దాదాపు నాలుగో వంతు వచ్చి పడ్డాయి. 2022 జులైలో చీఫ్ జడ్జి ఒక ఉత్తర్వు ఇచ్చి, వేకోలో వేసిన పేటెంట్ కేసుల్ని 12 మంది జడ్జీల మధ్య పంచమన్నారు. గీత మారలేదు, చీటీల డబ్బా పెద్దదైంది. వేకోకు గిరాకీ దిగిపోయింది.

కాబట్టి నా ఓటు న్యూజెర్సీకే. అలాగని అక్కడ అంతా బాగుందని కాదు. 17 జడ్జి పోస్టుల్లో 2021 మొదట్లో ఆరు ఖాళీగా ఉండి రాష్ట్రమంతా కేసులు నత్తనడక నడిచాయి. 2025లో యూఎస్ అటార్నీగా కూర్చున్నవారి నియామకం చెల్లదన్న గొడవ మొదలైతే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా క్రిమినల్ విచారణలు వాయిదా పడ్డాయి. ఒకే ఆఫీసు ఉంటే దానికి జలుబు చేసినా రాష్ట్రమంతా తుమ్మాల్సిందే. టెక్సస్‌లో ఒకచోట అలా జరిగినా మిగతా మూడు చోట్లా పని సాగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

వయోమింగ్‌ది మాత్రం ఎటూ కాని పద్ధతి. ఎల్లోస్టోన్ పార్కు కోసం ఐడహో, మొంటానాల్లోని కొంత నేలను కూడా ఆ డిస్ట్రిక్టులో కలిపేశారు. నేరం జరిగిన రాష్ట్రం, డిస్ట్రిక్టు రెండింటికీ చెందినవాళ్లే జ్యూరీలో ఉండాలంటుంది రాజ్యాంగం. ఐడహో ముక్కలో మనుషులే ఉండరు, ఇక జ్యూరీ ఎక్కడిది! లా ప్రొఫెసర్లకు మంచి కాలక్షేపం.

ఇక ఫ్రిస్కో వాళ్లు: ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లో ఉన్నా మీ కోర్టు ఈస్టర్న్ డిస్ట్రిక్టు, షెర్మన్ డివిజనే. నాలుగు డిస్ట్రిక్టులూ ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఒకే అప్పీళ్ల కోర్టు కిందివే కాబట్టి పైకోర్టు తీర్పులు అందరికీ ఒకటే, దాని కోసం ఇల్లు మారక్కర్లేదు. అడ్రసులో డాలస్ అని ఉన్నవాళ్లు మాత్రం ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఒకసారి తీసి చూసుకోండి. ఆ ఊరి ఉత్తరపు అంచు కొంత కాలిన్ కౌంటీలో ఉంది. బిల్లు అక్కడి నుంచి వస్తుంటే, కిటికీలోంచి డాలస్ కనబడుతున్నా మీరూ షెర్మన్ వాళ్లే.