కావాలని రోజా (ఉపవాసం) భంగం చేస్తే: హనఫీ, షాఫిఈ తీర్పులు

రంజాన్ పగలు ఏ కారణమూ లేకుండా, తెలిసి తెలిసి అన్నం తినేస్తే? అది పెద్ద పాపమని, తౌబా (పశ్చాత్తాపపడి క్షమాపణ వేడుకోవడం) చేయాలని, ఆ ఒక్క రోజాను తర్వాత ఖజాగా (బదులు రోజాగా) ఉండాలని హనఫీ, షాఫిఈ అనే రెండు మజ్హబ్‌లూ (ఇస్లామ్ ధర్మశాస్త్ర సంప్రదాయాలు) చెబుతాయి. మిగతా పగలంతా ఏమీ తినకూడదు. తేడా కఫ్ఫారా (తప్పుకు చేసే పరిహారం) దగ్గర వస్తుంది.

హనఫీలో ఖజాతో పాటు కఫ్ఫారా కూడా పడుతుంది: వరుసగా 60 రోజాలు. మధ్యలో ఒకటి ఊరికే వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి. ఆరోగ్యం సహకరించకపోతేనే 60 మంది పేదలకు రెండు పూటల భోజనం. షాఫిఈలో తిన్నందుకు కఫ్ఫారా లేదు, దాంపత్య కలయికకే ఉంది.

రెండింటికీ ఆధారం ప్రవక్త సహచరుడు అబూ హురైరా చెప్పిన ఒకే హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం). భార్యతో కలిసి రోజా పోగొట్టుకున్న మనిషికి ప్రవక్త కఫ్ఫారా చెప్పారు. అతను నిరుపేద కావడంతో, తన దగ్గరికి వచ్చిన ఖర్జూరాల బుట్టను అతని ఇంటివాళ్లకే పెట్టుకోమన్నారు. షాఫిఈలు ఆ మాటను ఆ ఒక్క తప్పుకే పరిమితం చేశారు. హనఫీలు రంజాన్ గౌరవాన్ని భంగం చేయడమే అసలు తప్పని, తినడానికీ వర్తింపజేశారు. నాకు హనఫీ తర్కమే బలంగా అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఎక్కువమంది హనఫీలే. బార్కస్‌లోని అరబ్బు మూలాల కుటుంబాల్లో షాఫిఈ సంప్రదాయం ఉంది. అందుకే మీ మజ్హబ్ ఏదో చెప్పి ముఫ్తీ సాబ్‌ను (మత తీర్పులు చెప్పే పండితుణ్ని) అడగండి. జబ్బు, ప్రయాణం వల్ల వదిలిన రోజాకు మాత్రం టెన్షన్ వద్దు, దానికి ఎక్కడా కఫ్ఫారా లేదు.