మైలేజ్ పడిపోయిన కారుకు చవక ఓబీడీ స్కానర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఓబీడీ స్కానర్ అంటే కారు కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించే చిన్న పరికరం. వెయ్యి రూపాయల లోపే దొరికే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ స్కానర్‌ని చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడు లోపాన్ని చెప్పే కోడ్ చదువుకోవడానికే కొంటారు చాలామంది. ఇన్నేళ్లలో నేను దీంతో కోడ్‌లు చదివింది తక్కువే, ఎందుకంటే మైలేజ్ పడిపోయిన బండికి చాలాసార్లు ఏ లైటూ వెలగదు, ఏ కోడూ పడదు. బండి నడుస్తుండగా సెన్సార్లు ఏం చెబుతున్నాయో చూడటం, అదీ దీని అసలు ఉపయోగం.

నాది 2016 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. హైవే మీద 18 దాకా ఇచ్చేది కాస్తా 14కి దిగింది. డాష్‌బోర్డ్ చూపించే లెక్క కాదిది, అది ఎప్పుడూ కొంచెం గొప్పలు పోతుంది. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, తిరిగాక మళ్లీ అలాగే నింపించి, కిలోమీటర్లను లీటర్లతో భాగిస్తే తేలిన అంకె. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బనైజింగ్ అంటూ పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, బండికి ఏమైందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎయిర్ ఫిల్టర్ సంగతే చూడండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో అది మూసుకుపోతే పికప్ తగ్గుతుంది కానీ మైలేజ్ పెద్దగా తగ్గదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లోనే పరీక్షించి చెప్పింది. లోపలికొచ్చే గాలి తగ్గితే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పెట్రోల్ కూడా తగ్గించేస్తుంది మరి.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో స్కానర్ గుచ్చి, ఫోన్‌లో కార్ స్కానర్ యాప్ పెట్టుకుని విజయవాడ రోడ్డెక్కాం. నేను డ్రైవింగ్, పక్క సీట్లో ఫోన్ పట్టుకుని మా తమ్ముడు. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో కూలెంట్ టెంపరేచర్ 84 డిగ్రీలు, అంతా బాగానే ఉంది. చౌటుప్పల్ దాటి 80 స్పీడ్‌లో వెళ్తుంటే 76 అన్నాడు, కాసేపటికి 71, తర్వాత 66. "అన్నయ్యా, ఇది ఎక్కాలి గానీ దిగుతోందేంటి?" అన్నాడు. అక్కడే దొరికింది దొంగ. మామూలుగా 85 నుంచి 95 మధ్య నిలబడాల్సిన టెంపరేచర్, గాలి తగిలేకొద్దీ పడిపోతోందంటే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వనిది) తెరుచుకున్న చోటే ఇరుక్కుపోయినట్టు లెక్క. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోల్ కొంచెం ఎక్కువే పోస్తుంది, ఆయిల్ కూడా చిక్కగానే ఉండిపోతుంది. మన ఎండల్లో, ట్రాఫిక్‌లో ఈ జబ్బు బయటపడదు. నా బండిలో టెంపరేచర్ ముల్లు లేదు, చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం లైటు ఒక్కటే, అదేమో ఎప్పుడో ఆరిపోతుంది.

మెకానిక్‌కి చెబితే "మన ఎండలకి ఆ వాల్వ్ ఎందుకు సార్, పీకేద్దాం" అన్నాడు. ఈ మాట మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, వినకండి. పీకేస్తే అది ఎప్పటికీ తెరుచుకుని ఉన్నట్టే, అంటే రోగాన్నే పర్మనెంట్ చేసుకున్నట్టు. కొత్త వాల్వ్, కొత్త కూలెంట్ వేయించాక హైవే మీద కూడా 88 దగ్గర కదలకుండా నిలబడింది, మైలేజ్ 16కి వచ్చింది.

మిగతాది స్కానర్‌కి దొరకలేదు. కంపెనీ చెప్పిన గాలి పెట్టించినా, న్యూట్రల్‌లో వదిలితే బండి త్వరగా ఆగిపోతోంది. ఒక రౌండ్ కొట్టి వచ్చి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ముందు ఎడమ వైపు సెగ కొడుతోంది, కుడి వైపు గోరువెచ్చగానే ఉంది. జాకీ మీద లేపి తిప్పితే చక్రం అర చుట్టు కూడా తిరగలేదు. క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్‌లని నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోయి బ్రేక్ పట్టేసి ఉంది. పిన్నులు కడిగి గ్రీజు పెట్టించాక 17కి కాస్త తక్కువలో ఆగింది.

ఆ చివరి కిలోమీటరు నాకు రాదు, వస్తుందని ఆశ కూడా లేదు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 5, 6 చూపిస్తోంది, అంటే ఈసీయూ తన లెక్క కన్నా అంత శాతం ఎక్కువ పెట్రోల్ పోస్తోందని. దీనికి కారణం ఇ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఆ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఇ10కి (10 శాతం ఇథనాల్) ట్యూన్ చేసిన పాత కార్లలో 6-7 శాతం మైలేజ్ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే రాశారు, నా లెక్క దాదాపు సరిపోయింది. ట్రిమ్ అటూ ఇటూ 10 లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. మైనస్‌లోకి బాగా పోతే మాత్రం ఇంజెక్టర్ కారుతోందా, ఆక్సిజన్ సెన్సార్ తప్పు చెబుతోందా అని చూపించుకోండి.

ఇక స్కానర్ మీద నా ఫిర్యాదులు. నకిలీ చిప్‌లు ఎక్కువ, కొన్ని అసలు కనెక్టే కావు, కాబట్టి వాపసు తీసుకునే చోటే కొనండి. బ్లూటూత్‌లో పాత రకమైతే ఐఫోన్‌కి పనిచేయదు, దానికి వైఫైదో, బీఎల్ఈదో (బ్లూటూత్‌లో కొత్త రకం) కావాలి. యాప్‌లో కోడ్‌లు చెరిపేసే బటన్ జోలికి ఊరికే పోవద్దు, కోడ్‌తో పాటు నేర్చుకున్న ట్రిమ్ లెక్కలు కూడా పోతాయి, అప్పుడు మెకానిక్‌కి చూపించడానికి ఏమీ మిగలదు. ఇంకొకటి, పని అయ్యాక పీకేసి డాష్‌బోర్డ్ అరలో పడేయండి, బండి ఆపేసినా అది కరెంట్ తాగుతూనే ఉంటుంది, వారం రోజులు కదపకుండా పెడితే బ్యాటరీ దిగిపోవచ్చు.