పోర్చుగీసు అంకెలు చెవికి పట్టాలంటే: అంకి కార్డులు చాలాకాలం వాడాక నా సమీక్ష

పోర్చుగీసులో ఒకటి నుంచి వంద దాకా వల్లె వేయడానికి ఓ వారం చాలు. ఎదుటి మనిషి గబగబా చెప్పిన అంకెను విని రాసుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ రెండూ ఒకే చదువు అనుకుని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నేను లిస్బన్‌లో ఆర్రొయుష్ వైపు ఒక చిన్న కిరాణా షాపులో క్యాష్ కౌంటర్ చూసుకుంటాను. అంకెలు వినడమే నా పనిలో సగం. ఆ వినికిడి కోసం అంకి (Anki) అనే ప్రోగ్రామ్‌ను చాలాకాలంగా రోజూ వాడుతున్నాను, ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉండే కార్డులతో నేర్పేది. కొత్తగా పోర్చుగల్ వచ్చే తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు ఇబ్బంది ఎక్కడుందో ముందు చెప్పాలి. పోర్చుగల్‌లో మాట్లాడే పోర్చుగీసు అచ్చులను మింగేస్తుంది. పుస్తకంలో అరవై 'సెస్సేంత', డెబ్భై 'సెతేంత'. ఇక్కడి నోట అవి 'స్సేంత', 'స్తేంత' అయిపోతాయి. మధ్యలో ఒక్క 'త' వినబడిందా లేదా అన్నదాని మీద పది యూరోల తేడా ఉంటుంది. అంతకన్నా చిక్కు మూడుకీ పదమూడుకీ. విడిగా మూడు 'త్రేష్', పదమూడు 'త్రేజ్'. కానీ మూడు తర్వాత 'యూరో' లాంటి అచ్చుతో మొదలయ్యే మాట వస్తే చివరి 'ష్' కాస్తా 'జ్' అవుతుంది. అప్పుడు మూడు యూరోలు 'త్రేజ్ ఎవురుష్', పదమూడు యూరోలూ దాదాపు అదే. రెండు యూరోలు 'దోయిజ్ ఎవురుష్', పన్నెండు యూరోలు 'దోజ్ ఎవురుష్'. ఇది తెలియక మన చెవిలోనే ఏదో లోపం ఉందని బాధపడేవాళ్లను చూశాను. లోపం చెవిది కాదు, వాళ్ల భాష తీరే అంత.

ఇక నీఫ్. ఇది పన్ను చెల్లింపుదారు సంఖ్య, తొమ్మిది అంకెలు. బిల్లు కొట్టే ముందు "కోంత్రిబుయింత్?" అని అడగడం ఇక్కడ ప్రతి షాపులో మామూలే, ఎందుకంటే ఆ సంఖ్య బిల్లు మీద ఉంటే ఆ ఖర్చులో కొంత భాగం ఆదాయపు పన్ను లెక్కలో కొన్నవాళ్లకు కలిసొస్తుంది. కొందరు ఒక్కో అంకె విడిగా చెబుతారు. చాలామంది మూడేసి అంకెలు కలిపి వందల్లో చెబుతారు. 247 అంటే 'దుజేంతూజి క్వరేంతయ్ సెత్'. అలాంటివి మూడు, ఊపిరి తీసుకోకుండా వస్తాయి. వ్యక్తుల నీఫ్ సాధారణంగా ఒకటి, రెండు లేదా మూడుతో మొదలవుతుంది, కంపెనీలది ఐదుతో. చివరి అంకె మిగతా ఎనిమిదింటి నుంచి లెక్కకట్టి వచ్చే సరిచూపు అంకె. అందుకే ఒక్క అంకె తప్పు పడినా యంత్రం సాధారణంగా ఒప్పుకోదు, వరుసలో వెనకున్నవాళ్లు మన వైపు చూస్తుంటారు.

అంకి కన్నా ముందు ఒక పేరున్న ఉచిత భాషా యాప్ వాడాను. బొమ్మలు బాగున్నాయి, రోజూ తెరవాలనిపించేలా ఉంది. కానీ అందులో గొంతు బ్రెజిల్‌ది. ఏడుని వాళ్లు 'సెచి' అంటారు, ఇరవైని 'వీంచి' అంటారు. ఇక్కడ అవి 'సెత్', 'వీంత్'. పదహారు, పదిహేడు, పంతొమ్మిది బ్రెజిల్‌లో రాసేదే వేరు, మధ్యలో 'అ' బదులు 'ఎ' ఉంటుంది. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ఆరుకు బదులు 'మేయ' అనడం అక్కడి అలవాటు. అర డజను అన్న మాటలో నుంచి వచ్చిన 'సగం' అది. బ్రెజిల్ వెళ్లేవాళ్లకు ఇవన్నీ కావాల్సినవే. లిస్బన్‌లో బతకాల్సినవాళ్లకు మాత్రం చెవి మరోవైపు తయారవుతుంది. ఇంకో పెద్ద లోపం, ఆ యాప్ అంకెలను వరుసగా నేర్పుతుంది, నాలుగు జవాబులు ముందు పెట్టి ఏరుకోమంటుంది. ఎక్కాలు మొదటి నుంచి గడగడా చెప్పే పిల్లాడిని "ఏడెనిమిదులు ఎంత?" అని అడిగితే మళ్లీ ఏడొకట్ల నుంచి మొదలుపెట్టినట్టే అవుతుంది ఆ చదువు. మా ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అబ్బాయి ఒకరోజు "అక్కా, యాప్‌లో అన్నీ కరెక్టే వస్తున్నాయి, ఫార్మసీలో నా టోకెన్ నంబరు పిలిస్తే మాత్రం తెలియట్లేదు" అన్నాడు. యాప్ అడిగింది ఒకటి, ఫార్మసీ అడిగేది ఇంకొకటి.

అంకిలో ఏ కార్డు ఎప్పుడు చూపాలో అదే చూసుకుంటుంది. తేలిగ్గా వచ్చినదాన్ని రోజులు, వారాలు, నెలలు వెనక్కి నెడుతుంది, తడబడినదాన్ని వెంటనే మళ్లీ తెస్తుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉచితం, ఐఫోన్ యాప్‌కి డబ్బు కట్టాలి. సిద్ధంగా దొరికే పోర్చుగీసు కార్డుల కట్టలు చాలా ఉన్నాయి కానీ, సంఖ్యల విషయంలో ఎవరికి వారు తయారుచేసుకోవడమే మేలు అని నా గట్టి అభిప్రాయం. కష్టమేమీ కాదు. స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి, ఆ ఫైలును అంకిలోకి దిగుమతి చేసుకోవచ్చు. కార్డు టెంప్లేట్‌లో గొంతు ఎంచుకునే చోట పోర్చుగల్ పోర్చుగీసు అని పెడితే ఫోనే చదివి వినిపిస్తుంది. 347 అని అంకెల్లో రాసినా చాలు, పూర్తి మాటల్లో పలుకుతుంది. ముందు వైపు ఏమీ కనబడకూడదు, గొంతు మాత్రమే వినబడాలి. జవాబు టైపు చేసే పెట్టె పెట్టుకుంటే మనం కొట్టిన అంకెలను అసలు జవాబుతో పోల్చి తేడా చూపుతుంది.

ఈ టైపు చేయడం అన్నదే ఈ పద్ధతికి ప్రాణం. కౌంటర్‌లో నేను చేసే పని అదే కదా: వినడం, అంకెల మీటలు నొక్కడం. మధ్యలో 'దుజేంతుష్ అంటే రెండువందలు' అని తెలుగులోకి తెచ్చుకునే మెట్టు మెల్లగా తగ్గిపోయింది. మొదట వేగం కాస్త తగ్గించి పెట్టుకున్నాను, తర్వాత మామూలుకు, ఆ తర్వాత కొంచెం ఎక్కువకు మార్చాను. ఎక్కువ వేగం నుంచి వచ్చాక మనుషుల మాట నెమ్మదిగా అనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తొమ్మిది అంకెలను ఒకే సంఖ్యగా రాస్తే యంత్రం దాన్ని కోట్లలో చదివేస్తుంది. మూడేసి అంకెల తర్వాత కామా, ఖాళీ పెట్టి విడగొట్టాలి. ధరలను కూడా మాటల్లోనే రాసుకోవడం మంచిది. యంత్రం 3,45 €ని 'మూడు యూరోల నలభై ఐదు సెంతిముష్' అని పద్ధతిగా చదువుతుంది. మనుషులు 'త్రేజి క్వరేంతయ్ సీంకు' అని ఊరుకుంటారు, యూరో మాటే రాదు.

కార్డు వెనక వైపు నేను ఉచ్చారణను తెలుగు లిపిలోనే రాసుకుంటాను. పోర్చుగీసు 'త', 'ద'లు మన దంత్యాలే, అంటే 'క్వాత్రు'లో మన 'త'నే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నవాళ్లు 'క్వాట్రో' అంటూ అలవాటు పడతారు, తర్వాత మార్చుకోవడానికి తిప్పలు పడతారు.

వ్యాకరణం వైపు మనకు కలిసొచ్చేవి ఉన్నాయి. వంద ఒంటరిగా ఉంటే 'సైం', దాని మీద ఏదైనా చేరితే 'సేంతు'. మనకూ నూరు ఒంటరిగా ఉంటేనే నూరు, చేరిక వస్తే 'నూట ఇరవై' కదా. వెయ్యిని కూడా మనలాగే ఉత్త 'మిల్' అంటారు, ముందు ఒకటి చేర్చరు. తేడా వచ్చేది లింగం దగ్గర. మనం మనుషులకు ఇద్దరు, వస్తువులకు రెండు అంటాం. వాళ్లు నామవాచకం లింగాన్ని బట్టి ఒకటి, రెండు అన్న మాటలను మారుస్తారు. రెండు యూరోలకు 'దోయిష్', రెండు గంటలకు 'దూఅష్'. రెండు వందల నుంచి తొమ్మిది వందల దాకా కూడా ఈ మార్పు ఉంటుంది, వందకూ వెయ్యికీ ఉండదు. జున్ను కోసే కౌంటర్ దగ్గర గ్రాములకు పుంలింగమే వాడాలి, 'దుజేంతుష్ గ్రామష్'. ఇలాంటివి విడి సంఖ్యలుగా కాక, వస్తువుతో కలిపి కార్డు చేసుకుంటేనే నిలుస్తాయి.

సంవత్సరాలు ఇంకో మెలిక. మనం 'పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు' అంటాం. వాళ్లు 'వెయ్యి తొమ్మిది వందల డెబ్భై నాలుగు' అన్న తీరులో చెబుతారు, 'మిల్ నోవ్‌సేంతూజి స్తేంతయ్ క్వాత్రు'. ఈ సంవత్సరం ఇక్కడ ఎన్నిసార్లు వినబడుతుందో చెప్పలేను. నియంతృత్వం కూలింది 1974 ఏప్రిల్ 25నే. తేజు నది మీది పెద్ద వంతెన 1966లో నియంత సలజార్ పేరుతో మొదలై, విప్లవం తర్వాత ఆ తేదీనే పేరుగా పెట్టుకుంది. కాబట్టి 'వీంతి సీంకు ద అబ్రిల్' అన్నది ఈ ఊళ్లో తేదీ, సెలవు, దారి, మూడూ.

పెద్ద సంఖ్యల్లో లక్ష, కోటి ఉండవు. లక్షను 'సైం మిల్', పది లక్షలను 'ఉం మిల్యావ్' అంటారు. వంద కోట్లను ఇక్కడ 'మిల్ మిల్యోయిష్' అంటారు, బ్రెజిల్‌లో దానికి వేరే మాటే ఉంది. ఇల్లు, అద్దె, బడ్జెట్ వార్తలు చదివేటప్పుడు ఇది తెలిసి ఉండాలి. దశాంశానికి కామా పెడతారన్నది కూడా గుర్తుంచుకోవాలి: తూకం మీద 1,250 కిలోలు అని కనబడితే అది కిలోంపావు.

కార్డులతో రానిది ఒకటుంది. యంత్రం గొంతు చాలా శుభ్రంగా ఉంటుంది. ముసలాయన గొణుగుడు, ట్రామ్ చప్పుడు, మాస్కు వెనక మాట అందులో ఉండవు. దానికి నేను రేడియో, టీవీ పట్టుకున్నాను. వాతావరణ వార్తల్లో ఊరూరి ఉష్ణోగ్రతలు వరుసగా వస్తాయి. మంగళ, శుక్రవారాల్లో యూరోమిల్యోయిష్ లాటరీ ఫలితం వస్తుంది, ఒకటి నుంచి యాభైలోపు ఐదు అంకెలు, ఒకటి నుంచి పన్నెండులోపు రెండు నక్షత్రాలు. టికెట్ కొననక్కర్లేదు. విని రాసుకుని, తెర మీది అంకెలతో సరిచూసుకుంటే చాలు. ఇంతకన్నా మంచి ఉచిత శ్రుతలేఖనం నాకు దొరకలేదు. కౌంటర్‌లో అనుమానం వస్తే అంకెలను విడగొట్టి తిరిగి అడగడం నేర్చుకున్నాను: "స్సేంత? సైష్, జేరు?" ఆరు, సున్నా అని. ఎవరూ విసుక్కోరు, వాళ్లలో వాళ్లూ అలాగే అడుగుతారు.

వారాల పేర్లనూ ఇందులోనే కలుపుకోవాలి, ఎందుకంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా అవీ అంకెలే. సోమవారం 'సెగూంద', అంటే రెండోది. బుధవారం 'క్వార్త', నాలుగోది. సోమవారాన్ని మొదటి రోజుగా అనుకునేవాళ్లు ఒక రోజు ఆలస్యంగా అపాయింట్‌మెంట్‌కి వెళతారు. మన పంచాంగంలోలా ఆదివారం నుంచి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. నోటీసుల మీద '2.ª', '4.ª' అని పొట్టిగా రాసి ఉంటుంది కూడా.

ఎవరు తీసుకోవాలి అంటే, పోర్చుగల్‌లో షాపు, హోటల్, డెలివరీ, ఆసుపత్రి పనుల్లో ఉన్నవాళ్లు తప్పకుండా. సిప్లె (CIPLE) అనే ఏ2 స్థాయి పోర్చుగీసు భాషా పరీక్ష రాసేవాళ్లకూ పనికొస్తుంది, అందులో వినికిడి భాగం ఉంటుంది. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాలు ఇయర్‌ఫోన్‌తో, వేరే పని పెట్టుకోకుండా ఉండాలి. భాష రుచి కోసం, పాటల కోసం నేర్చుకునేవాళ్లకు ఇది విసుగు పుట్టిస్తుంది, వాళ్లు ముందు వేరే దారిలో రావడం మంచిది.

డెలివరీ చేసే తమ్ముళ్లు చెల్లెళ్లు మాత్రం ఇంకో కట్ట అదనంగా పెట్టుకోండి, అంతస్తులది. 'రేష్ దు షావ్' అంటే కింది అంతస్తు, 'R/C' అని పొట్టిగా రాస్తారు. దాని పైన 'ప్రిమైరు', 'సెగూందు', 'తెర్సైరు', 'క్వార్తు', 'కీంతు'. పక్కన ఎడమకు 'ఎష్కేర్దు', కుడికి 'దిరైతు'. గేటు ఫోన్‌లో "తెర్సైరు ఎష్కేర్దు" అని వినబడితే మూడో అంతస్తు, ఎడమ తలుపు. లిఫ్టు లేని పాత భవనాల్లో ఇది మొదటిసారే సరిగ్గా వినడం మోకాళ్లకు మేలు.