బ్లూ స్టార్ ఫలకం: హైవే పక్కన మేలా, తోటలో మేలా?

అమెరికాలో కారేసుకుని దూరాలు తిరిగేవాళ్ళు రోడ్డు పక్కన, పైన నక్షత్రం ఉన్న నీలిరంగు ఫలకం ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాని మీద 'బ్లూ స్టార్ మెమోరియల్ హైవే' అని ఉంటుంది. సైన్యంలో పనిచేసేవాళ్ళ గౌరవార్థం గార్డెన్ క్లబ్బులు, అంటే మొక్కల పెంపకం ఇష్టపడేవాళ్ళ సంఘాలు, వాటిని పెట్టిస్తాయి. అదే నక్షత్రంతో పార్కుల్లో, మాజీ సైనికుల ఆస్పత్రుల ఆవరణల్లో కూడా ఫలకాలుంటాయి. కొత్తగా ఒకటి పెట్టాలనుకుంటే రోడ్డు పక్కన పెట్టాలా, తోటలోనా? నా ఓటు తోటకే. అలాగని రోడ్డు పక్షాన చెప్పే మాటలు తేలిగ్గా తీసేసేవి కావు.

అసలు ఈ పని మొదలైందే రోడ్డు మీద. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగా, 1944లో న్యూజెర్సీ గార్డెన్ క్లబ్బులవాళ్ళు 22వ నంబరు హైవే వెంట డాగ్‌వుడ్ అనే పూలచెట్లు నాటారు. రాతి కట్టడాలు లేపడం కంటే, సైనికులు ఏ దేశం కోసం పోరాడుతున్నారో ఆ దేశాన్ని అందంగా ఉంచడమే మేలని వాళ్ళు నమ్మారు. ఐదున్నర మైళ్ళ ఆ దారికి రాష్ట్ర శాసనసభ 'బ్లూ స్టార్ డ్రైవ్' అన్న పేరు ఖాయం చేసింది. తర్వాత ఇది దేశమంతా పాకింది. 1951 నుంచి ఆ ఒక్క యుద్ధానికే పరిమితం కాకుండా, సైన్యంలో పనిచేసిన, చేస్తున్న, చేయబోయే అందరికీ వర్తించింది.

అంటే మొదట్లో స్మారకం చెట్లే. గంటకు 65 మైళ్ళ వేగంతో పోయే కారు సెకనుకి 95 అడుగులు దాటేస్తుంది. ఆ వేగంలో ఫలకం మీద అక్షరాలు ఎవరు చదవగలరు? అదే ఐదున్నర మైళ్ళ పూలచెట్లయితే ఐదు నిమిషాలపాటు కళ్ళ ముందే ఉంటాయి. ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో 1917 నుంచి 1919 దాకా నాటిన 'అవెన్యూ ఆఫ్ ఆనర్' చూడండి. సుమారు 22 కిలోమీటర్ల బారు. ఆ ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళిన ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు, దాని కింద పేరు. రోడ్డు ఇంత పని చేయగలిగితే నేను మారుమాట్లాడకుండా రోడ్డుకే ఓటేస్తాను.

కానీ ఇవాళ ఒక గార్డెన్ క్లబ్బుకి హైవే పక్కన అంత చోటెక్కడిది? స్థలం రాష్ట్ర రవాణా శాఖది, అనుమతీ వాళ్ళదే. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి చెట్లే. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు వేళ్ళకు చేటు. డాగ్‌వుడ్ సహజంగా పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి, తారు రోడ్డు సెగకు వాడిపోతుంది. పైగా 1970ల చివర్లో బయటపడిన ఆంత్రాక్నోస్ తెగులు అమెరికా తూర్పు ప్రాంతంలో ఈ చెట్లను విపరీతంగా చంపింది. వాహనాలు దూసుకుపోయే చోట, బకెట్లు పట్టుకుని నీళ్ళు పోయడానికి పెద్ద వయసు వాలంటీర్లను పంపడం నాకు అసలు ఇష్టం లేదు.

హైవే మీద ప్రయాణికులు ఆగి సేదతీరే రెస్ట్ ఏరియా సంగతి వేరు. అక్కడ కారు ఆగుతుంది, మనిషి దిగి నాలుగడుగులు వేస్తాడు, పిల్లలు ఇదేమిటని అడుగుతారు. హైవే ఫలకానికి అంతకంటే మంచి చోటు లేదు.

తోట వైపు నన్ను లాగేది అక్కడికి వచ్చే మనుషులు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, ఒహాయోకి చెందిన కెప్టెన్ రాబర్ట్ క్వీసర్ సైన్యంలో ఉన్న తన ఇద్దరు కొడుకుల కోసం రూపొందించిన జెండా నుంచి వచ్చిందే ఈ నీలి నక్షత్రం. ఇంటి కిటికీలో ఆ జెండా ఉంటే ఆ ఇంటి బిడ్డ సైన్యంలో ఉన్నట్టు. బిడ్డ ప్రాణాలు పోతే నీలి నక్షత్రం మీద బంగారు నక్షత్రం కుడతారు. అలాంటి కుటుంబాల కోసం గార్డెన్ క్లబ్బులు తర్వాత 'గోల్డ్ స్టార్' ఫలకాలు కూడా మొదలుపెట్టాయి. వాటినైతే హైవే పక్కన పెట్టాలన్న ఆలోచనే నాకు మింగుడుపడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కూర్చునే చోటు కావాలి, కాసేపు ఎవరూ తొందరపెట్టకూడదు. ఆస్పత్రి తోటలో అది దొరుకుతుంది. చక్రాల కుర్చీలో వచ్చే మాజీ సైనికుడు కూడా ఫలకం దాకా వెళ్ళి, దాన్ని చేత్తో తాకగలడు.

తోటకూ లోటుంది. చూసేవాళ్ళు తక్కువ. చూసుకునేవాళ్ళు మానేస్తే రెండు వేసవుల్లో కలుపు ఫలకాన్ని మింగేస్తుంది, అది అసలు పెట్టకపోవడం కంటే అవమానం. అందుకే ఏటా నాటాల్సిన పూలమొక్కల జోలికి పోకుండా, ఆ నేలకు అలవాటైన పొదలు, చెట్లు వేయాలి. నీళ్ళు ఎవరు పోస్తారో, కొమ్మలు ఎవరు కత్తిరిస్తారో ఆస్పత్రి వాళ్ళతోనో పార్కు వాళ్ళతోనో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఎంచుకోమంటే నా వరస ఇది: ముందు మాజీ సైనికుల ఆస్పత్రి తోట, తర్వాత రెస్ట్ ఏరియా, ఆ తర్వాత ఊరి పార్కు. కారు ఆపే వీల్లేని హైవే అంచు అన్నిటికంటే చివర. పార్కులకు 'బై-వే' అనే చిన్న ఫలకం ఉంది. డబ్బు పరిమితంగా ఉంటే అదే తీసుకుని, మిగిలింది చేతులు ఆన్చుకునే బెంచీకి, చక్రాల కుర్చీ సాఫీగా నడిచే బాటకు పెట్టండి.