రాతబల్ల దగ్గర ఫైబర్‌గ్లాస్ కుర్చీ: దీర్ఘకాల వాడకం తరువాత

అమెరికాలో మేముండే ఊళ్ళో ఒక బడివారు పాత సామాను అమ్మినప్పుడు కొన్న ఫైబర్‌గ్లాస్ (గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్) చేతుల కుర్చీని దశాబ్దానికి పైగా నా రాతబల్ల దగ్గర వాడుతున్నాను. చూసినవారు చాలామంది దీన్ని ఈమ్స్ కుర్చీ అనుకుంటారు గానీ, అమెరికన్ డిజైనర్లైన చార్లెస్, రే ఈమ్స్ దంపతుల నమూనాకు పేరు వచ్చాక అదే బాటలో ఇతర కంపెనీలు చేసిన అనేక కుర్చీల్లో ఇదొకటి. అడుగున తయారీదారు పేరు లేదు. అయినా దీని గుణదోషాలు అర్థం కావాలంటే ఆ మూల నమూనా దగ్గరే మొదలుపెట్టాలి.

న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1948లో చవక ఫర్నిచర్ కోసం పెట్టిన అంతర్జాతీయ పోటీకి ఈమ్స్ బృందం పంపింది ప్లాస్టిక్ కుర్చీని కాదు, లోహపు రేకును అచ్చులో నొక్కి వంచిన కుర్చీని. దానికి రెండో బహుమతిలో భాగం దక్కింది గానీ, లోహంతో ధర అనుకున్నంత తగ్గలేదు. అప్పటికి యుద్ధ విమానాల రాడార్లకు తొడుగులుగా ఉపయోగపడుతున్న గాజుపోగుల ప్లాస్టిక్ వైపు వారు మళ్ళి, కాలిఫోర్నియాలోని జెనిత్ ప్లాస్టిక్స్‌తో కలిసి పనిచేయగా, 1950లో హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీ ద్వారా ఆ కుర్చీ బజారుకు వచ్చింది. తుంచిన గాజుపోగులను చిల్లుల అచ్చు మీదికి గాలితో లాగి పరచి, రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్ (ఆరి గట్టిపడే జిగట ద్రవం) చేర్చి, రెండు లోహపు అచ్చుల మధ్య నొక్కితే సీటు, వీపు, చేతులు ఒకే ముక్కగా వస్తాయి.

ఆ ఒకే ముక్క తనం వాడకంలో తెలుస్తుంది. కీళ్ళు లేవు గనుక వదులయ్యేదీ, కిర్రుమనేదీ లేదు. దుమ్ము చేరే సందులు లేవు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. రంగు పూత కాక పదార్థంలోనే ఉండటం వల్ల గీతలు పడినా లోపలి నుంచి మరో రంగు బయటపడదు. మెత్త లేకుండానే వీపుకు బాగా ఆనుతుంది. కానీ గంటన్నర దాటితే తొడల కింద అంచు ఒత్తుతుంది, వేసవిలో చొక్కా వీపుకు అంటుకుంటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటున్న మనవంటివారికి ఆ చేతులు పెద్ద ఆటంకం: మోకాళ్ళకు చోటుండదు. చేతులు లేని రకమే మనకు అనుకూలమని నా అభిప్రాయం.

అసలు చిక్కు ప్లాస్టిక్‌లో కాదు, దానికి కాళ్ళు కలిసే చోట ఉంది. ఈమ్స్ నమూనాలో రబ్బరు బిళ్ళలను సీటు అడుగున జిగురుతో అతికించి వాటికి కాళ్ళు బిగిస్తారు. కూర్చున్నప్పుడు కలిగే ఒత్తిడిని రబ్బరు మింగుతుంది, పైకి ఒక్క బోల్టూ కనబడదు. నా కుర్చీలో మాత్రం సీటుకే రంధ్రాలు చేసి బోల్టులు దించారు. వెనక్కి వాలిన ప్రతిసారీ బరువంతా ఆ రంధ్రాల అంచుల మీద పడుతుంది గనుక, కొన్నేళ్ళకు వాటి చుట్టూ సన్నని పగుళ్ళు వచ్చాయి. వెడల్పాటి వాషర్ల కింద పలుచని రబ్బరు వేశాక అవి పెరగలేదు.

రెండో లోపం ఉపరితలానిది. ఎండ తగిలే కిటికీ పక్కన ఏళ్ళ తరబడి ఉంచితే పైనున్న రెజిన్ పొర అరిగి గాజుపోగులు తేలుతాయి, అరచేయి దురద పెడుతుంది. మాస్కు కట్టుకొని, నీళ్ళతో తడుపుతూ సన్నని సాండ్‌పేపర్‌తో రుద్ది, పారదర్శకమైన వార్నిష్ వేశాను. పొడిగా రుద్దకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పిల్లల గదిలో ఉన్నది పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్ కుర్చీ. బ్రిటిష్ డిజైనర్ రాబిన్ డే 1963లో హిల్ కంపెనీ కోసం రూపొందించిన కుర్చీతో ప్రసిద్ధమైన ఈ పదార్థం కరిగించి అచ్చులోకి దట్టించేది కాబట్టి తయారీ వేగంగా సాగుతుంది, ధరా తక్కువే. మన పెళ్ళి పందిళ్ళలో వరుసలు తీరే కుర్చీలూ ఈ పదార్థానివే. అది వీపుతోపాటు కొద్దిగా వంగుతుంది, కింద పడినా పగలదు. కాని చూపుకు చప్పగా ఉంటుంది, గీతలు తెల్లగా తేలతాయి. ఫైబర్‌గ్లాస్‌లో వెలుతురు పడితే లోపలి పోగులు కనిపించే లోతు దీనికి లేదు. మరోవైపు, గట్టిపడిన పాలియెస్టర్‌ను మళ్ళీ కరిగించలేము, పాలీప్రొపిలీన్‌ను కరిగించవచ్చు.

పాతది కొనదలచినవారు ముందు కుర్చీని తిరగేసి చూడాలి. రబ్బరు బిళ్ళ అంచు లేచి ఉంటే ఎపాక్సీ జిగురుతో మళ్ళీ అతికించవచ్చు కాబట్టి బేరమాడి తీసుకోవచ్చు. పగులు రంధ్రం నుంచి సీటు మధ్యకు పాకి ఉంటే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వదిలేయడమే మేలు.